స్విచ్‌బోర్డు వెనకవైపు

రెండేళ్ల క్రితం డిసెంబరులో మా ఇంట్లో మూడు రోజుల పాటు చేపల వాసన వచ్చింది. మా ఇంట్లో చేపలు వండరు. వాసన పొద్దున ఆరింటికి మొదలై ఏడున్నరకల్లా పోయేది. మొదటి రోజు పక్కింటి వంట అనుకుని కిటికీలు మూశాం. రెండో రోజు అలమర వెనక బల్లి చచ్చిందేమోనని సామానంతా జరిపి చూశాం, బాత్రూము జాలీలో ఫినాయిలు పోశాం. మూడో రోజు మా అత్తయ్య గీజరు ఆపడానికి వెళ్లి, "ఈ స్విచ్చేమిటమ్మా, పెనంలా కాలుతోంది!" అంటూ చేయి దులుపుకుంటూ వచ్చారు.

దగ్గరికి వెళ్లి చూస్తే వాసన గోడలోంచి వస్తోంది. తెల్లటి ప్లేటు మీద సాకెట్ రంధ్రాల చుట్టూ టీ మరకలాంటి గోధుమరంగు పాకి ఉంది. స్విచ్‌లకూ సాకెట్లకూ వాడే కొన్ని రకాల ప్లాస్టిక్‌లు అతిగా వేడెక్కితే అచ్చం చేపల వాసనే వేస్తాయని ఆ రోజు దాకా నాకు తెలియదు. చదివేవారిలో ఒక్కరికైనా పనికొస్తుందని ఈ సంగతి అన్నిటికంటే ముందు చెబుతున్నాను. కారణం తెలియని చేపల వాసన ఇంట్లో వస్తుంటే చెత్తబుట్ట వెతకకండి. గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె వాడే సాకెట్లను చూడండి. రంగు మారిన సాకెట్ కనబడితే ముందు మెయిన్ దించండి.

మా వీధి చివర ఉండే వైర్‌మన్‌ను పిలిచాం. అరవై దాటిన మనిషి. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, వైర్‌మన్ పర్మిట్ తీసుకుని, నలభై ఏళ్లుగా అదే పనిలో ఉన్నారు. వీధంతా ఆయన్ని బాబాయి అంటుంది, నేనూ అంతే. ఆయన వచ్చీ రాగానే కాలిన బోర్డును ముట్టుకోలేదు. హాల్లో పనిచేస్తున్న సాకెట్‌లో టెస్టర్ పెట్టి, అది వెలుగుతోందని చూసుకున్నారు. తర్వాత ఇంటి లైన్లన్నీ చీలే డీబీ బాక్సులో గీజరు ఎంసీబీని (కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్), ఆపైన మెయిన్‌నూ దించారు. గీజరు సాకెట్ మూడు రంధ్రాల్లోనూ టెస్టర్ పెట్టారు. వెలగలేదు. అక్కడితో ఆగకుండా మళ్లీ హాల్లోకి వెళ్లి ఇందాకటి సాకెట్‌లో పెట్టారు. వెలిగింది.

"మెయిన్ దించాం కదా బాబాయ్, ఇంకా ఎలా వెలుగుతోంది?" అన్నాను.

"ఇన్వర్టరు ఎవరు దించారమ్మా?" అన్నారు ఆయన.

నిజమే. మెయిన్ దించినా హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరు ఏ బోర్డు విప్పినా "మెయిన్ దించాం" అన్న ఒక్క మాట మీద విప్పారు. లైట్లూ ఫ్యాన్లూ ఇన్వర్టరు మీద ఉన్న ఇంట్లో ఆ మాటకు విలువ లేదు. టెస్టర్ వెలగకపోవడం కూడా రుజువు కాదని ఆ రోజే తెలిసింది. టెస్టర్‌లో ఉండేది చిన్న నియాన్ దీపం, దానికి వరుసలో కరెంటును అడ్డుకునే చాలా పెద్ద రెసిస్టర్. మన ఒంటి గుండా అతి కొద్ది కరెంటు పారితే అది వెలుగుతుంది. దీపం పాడై ఉండవచ్చు, పగటి వెలుతురులో కనిపించకపోవచ్చు, మనం ఎండిన కర్ర స్టూలు మీద నిలబడి ఉండవచ్చు. అందుకే ముందొకసారి, తర్వాత ఒకసారి కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడాలి. దీనికి ఆయన తీసుకున్న సమయం రెండు నిమిషాలు. అంతకుముందు మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ ఆ రెండు నిమిషాలు తీసుకోవడం నేను చూడలేదు.

ప్లేటు విప్పాక కనిపించినదాన్ని వివరంగానే చెబుతాను, ఎందుకంటే నా వాదన అంతా అక్కడి నుంచే మొదలవుతుంది. కరెంటును తెచ్చే ఫేజ్ తీగ తొడుగు రెండు అంగుళాల మేర మాడి, ముట్టుకుంటే పెళపెళ రాలింది. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, అందులో సన్నటి రాగి పోగులు 36 ఉండాలి. రంధ్రంలో సులువుగా దూరడానికి వాటిలో సగానికి సగం కత్తిరించేశారు. మిగిలిన పోగులతో పాటు ప్లాస్టిక్ తొడుగు కొస కూడా స్క్రూ కింద ఇరుక్కుంది. అంటే ఆ స్క్రూ పన్నెండేళ్లుగా బిగించి పట్టుకున్నది రాగిని కాదు, ప్లాస్టిక్‌ను.

లెక్క వేసి చూడండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. కరెంటును కరెంటుతోనే గుణించి, వచ్చినదాన్ని అతుకు దగ్గరి రెసిస్టెన్స్‌తో, అంటే అక్కడ కరెంటుకు ఉన్న అడ్డుతో, గుణిస్తే అక్కడ పుట్టే వేడి తెలుస్తుంది. సరిగ్గా బిగించిన అతుకులో ఆ రెసిస్టెన్స్ లెక్కలోకి రానంత తక్కువ. వదులైన అతుకులో అది అర ఓమ్‌కు చేరిందనుకుంటే పుట్టే వేడి 38 వాట్లు. రేడియోలు బాగుచేసేవారు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికంటే వేడి వస్తువును గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గోడలో పూడ్చి, రోజూ గంటన్నర వెలిగించినట్టు. వేడికి రాగి మీద చిలుము పడుతుంది, చిలుముతో రెసిస్టెన్స్ పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. రోజూ వేడెక్కి చల్లారుతూ స్క్రూ మరింత వదులవుతుంది.

"మరి ఎంసీబీ ఎందుకు పడిపోలేదు?" అని మా ఆయన అడిగారు. అందరూ అడిగే ప్రశ్నే. ఎంసీబీ చూసేది కరెంటు హద్దు మీరిందా అని మాత్రమే. వదులు అతుకులో కరెంటు పెరగదు, ఇంకా రవంత తగ్గుతుంది. గోడలో ప్లాస్టిక్ కరుగుతున్నా ఎంసీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఆ మూడు రోజులూ గీజరు వేన్నీళ్లు ఇస్తూనే ఉంది. పన్నెండేళ్లుగా ఇస్తూనే ఉంది. మన ఇళ్లలో వైరింగుకు పెట్టే పరీక్ష ఒకే ఒక్కటి. స్విచ్ వేస్తే వెలిగిందా, తిరిగిందా, కాగిందా? పని అప్పగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ వరసగా స్విచ్‌లన్నీ వేసి చూపిస్తాడు, ఇంటివాళ్లు తలూపుతారు, డబ్బు చేతులు మారుతుంది. ప్రాణం తీసే తప్పుల్లో చాలావరకు ఈ పరీక్షలో నెగ్గే తప్పులే. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. బల్బు వెలగడానికి కరెంటు తెచ్చే ఫేజ్, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ ఎలాగోలా చేరితే చాలు. మనిషి బతకడానికి అవి ఏ చోట, ఏ దారిలో, ఎంత గట్టిగా చేరాయన్నది ముఖ్యం. ఈ రెండో విషయాన్ని ఇంటి యజమాని అడగడు, అడగనిదాన్ని పనివాడు చూపించడు.

తర్వాతి ఆదివారం మొదలు మూడు వారాలు బాబాయి పక్కన కూర్చుని మా ఇంట్లోని 19 బోర్డులూ ఒక్కొక్కటిగా విప్పించి చూశాను.

మా అమ్మాయి గదిలో ఎల్ఈడీ బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా సన్నగా వెలిగేది. బల్బు నాసిరకమని రెండుసార్లు మార్చాం. ఇండికేటర్ దీపం ఉన్న స్విచ్ అయితే అలా వెలగడం మామూలే, కానీ ఇది అలాంటి స్విచ్ కాదు. విప్పితే అసలు సంగతి తేలింది. స్విచ్‌ను ఫేజ్ మీద పెట్టకుండా న్యూట్రల్ మీద పెట్టారు. స్విచ్ ఆపితే బల్బుకు తిరుగుదారి మూసుకుపోతుంది, కానీ ఫేజ్ మాత్రం హోల్డరు దాకా వచ్చి కూర్చుని ఉంటుంది. పక్కపక్కనే నడిచే తీగల మధ్య పుట్టే అతి కొద్ది కరెంటు చాలు, ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటుంది. పాత ఫిలమెంటు బల్బు అయితే ఆ పాటి కరెంటుకు వెలగదు, తప్పు ఎప్పటికీ బయటపడదు. ఆ రెండుసార్లూ స్విచ్ ఆపాను కదా అనే నమ్మకంతో స్టూలెక్కి బల్బు మార్చింది నేనే. వేలు హోల్డరు లోపలికి కాస్త జారి ఉంటే 230 వోల్టులు.

సాకెట్ల విషయానికి వస్తే, ఎర్త్ (దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే తీగ) రంధ్రం పైకి ఉండేలా ముందు నుంచి చూసినప్పుడు కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. మా ఇంట్లో ఏడు బోర్డుల్లో ఇది తిరగబడి ఉంది. తెలియక చేసిన తప్పు అనుకోను. తీగలు బిగించేటప్పుడు పనివాడు సాకెట్‌ను వెనక నుంచి చూస్తాడు, అక్కడ కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే ప్రతి సాకెట్ వెనకా ఎల్ (ఫేజ్), ఎన్ (న్యూట్రల్), ఈ (ఎర్త్) అన్న అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. కుడి ఎడమలు మరిచిపోయి ఆ అక్షరాలనే చూసి బిగించాలి. తిరగబడిన సాకెట్‌లో మిక్సీ తిరుగుతుంది, టేబుల్ లైటు వెలుగుతుంది. కానీ ఆ లైటు తీగ మీద ఉండే చిన్న స్విచ్ ఇప్పుడు న్యూట్రల్‌ను ఆపుతోంది.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది ఫ్రిజ్ బోర్డు. అందులో ఎర్త్ తీగ లేనే లేదు. న్యూట్రల్ టెర్మినల్ (తీగను స్క్రూతో బిగించే చోటు) నుంచి ఎర్త్ టెర్మినల్‌కు అంగుళం పొడవు తీగ ముక్కతో లూపు వేసి వదిలేశారు. వాషింగ్ మెషిన్ దగ్గరా అంతే, వంటగదిలో ఇంకోచోటా అంతే. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దీపం పెట్టి చూస్తే చక్కగా వెలుగుతుంది కనుక ఎర్తింగ్ ఉన్నట్టే కనిపిస్తుంది. అది పరీక్షించేవాడిని కూడా మోసం చేసే పని. ఇప్పుడు గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి. కృష్ణా తీరాన తుపాను రోజుల్లో ఇది అరుదు కాదు. వెలుగుతున్న బల్బుల గుండా, తిరుగుతున్న ఫ్యాన్ల గుండా వచ్చే ఫేజ్‌కు తిరుగుదారి లేక, ఇంట్లో న్యూట్రల్ తీగ మొత్తం ఫేజ్‌గా మారుతుంది. ఆ లూపు ముక్క దాన్ని తిన్నగా ఫ్రిజ్ తలుపు పిడికి చేర్చుతుంది. ఇంట్లో కరెంటు పోయినట్టు ఉంటుంది, బల్బులు ఆరిపోయి ఉంటాయి, మంచినీళ్ల సీసా కోసం ఎవరో తడి కాళ్లతో వెళ్లి ఫ్రిజ్ తలుపు పట్టుకుంటారు. మా ఇంట్లో ఆ ఎవరో మా అత్తయ్య, లేదా మా అమ్మాయి.

కొంతమంది ఎలక్ట్రీషియన్లు దీన్ని రహస్యంగా కూడా చేయరు. "ఎర్త్ రాలేదండీ, న్యూట్రల్ నుంచి ఇచ్చేశాను" అని సహాయం చేసినట్టు చెబుతారు. ఆ మాట వింటే పని అక్కడే ఆపించండి. లూపు వేసిన సాకెట్ కంటే ఎర్త్ లేదని తెలిసిన సాకెట్ నయం, ఎందుకంటే దానిలో ఏం పెట్టకూడదో మనకు తెలుసు.

మూడు పిన్నుల టాప్‌లో (ప్లగ్గులో) పై పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఎందుకు ఉంటుందో బాబాయి చెప్పేదాకా నేను ఆలోచించలేదు. పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడిపోవాలి. సాకెట్ లోపల ఫేజ్, న్యూట్రల్ రంధ్రాలకు అడ్డంగా ఉండే రక్షణ తలుపులను తెరిచేది కూడా ఆ పొడవైన పిన్నే, పిల్లలు పుల్లలు గుచ్చకుండా చేసిన ఏర్పాటు అది. మనం ఏం చేస్తున్నాం? రెండు పిన్నుల టాప్ దూరడం లేదని పై రంధ్రంలో పెన్ను గుచ్చి ఆ తలుపులు తెరుస్తాం. పెళ్లి పందిళ్లలో, ఇళ్లు కట్టే చోట్ల అసలు టాపే ఉండదు. తొడుగు తీసిన తీగలను రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలతో బిగిస్తారు. అక్కడ ఆడుకునే పిల్లలు ఎంతమందో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.

రంగుల సంగతి కూడా చెప్పాలి, దీనిలో మంచి పనివాళ్లు కూడా తడబడతారు. మన గోడల్లో ఎరుపు, పసుపు, నీలం ఫేజ్ తీగలు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కానీ మిక్సీకీ, ఇస్త్రీ పెట్టెకూ, కంప్యూటర్‌కూ వచ్చే తీగలో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్త్. ఒకే నీలం గోడలో ఫేజ్, మిక్సీ తీగలో న్యూట్రల్! మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో టాప్ మార్చేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పైగా పాత ఇంట్లో రంగును నమ్మడానికి లేదు. తీగ చుట్ట అయిపోతే చేతికందిన రంగుతో పని కానిచ్చేసిన ఇళ్లు ఎన్నో. మా ఇంట్లోనే ఒకచోట ఆకుపచ్చ తీగ ఫేజ్‌గా నడుస్తోంది.

ఒక తీగను టెర్మినల్‌లో సరిగ్గా బిగించడం ఎలాగో నేను నేర్చుకున్నాను. పదిహేను నిమిషాల్లో నేర్చుకోవచ్చు, కానీ చేతికి రావడానికి ఓ పాతిక సార్లు చేయాలి. తొడుగు తీయడానికి పళ్లు, బ్లేడు వాడకూడదు. బ్లేడు రాగి పోగుల మీద గాటు పెడుతుంది, గాటు పడిన పోగు వంచగానే తెగుతుంది. వైర్ స్ట్రిప్పరు వంద రెండు వందల్లో దొరుకుతుంది. టెర్మినల్ ఎంత లోతుంటే తొడుగు అంతే తీయాలి. బిగించాక బయట రాగి కనిపించకూడదు, స్క్రూ కింద ప్లాస్టిక్ చిక్కకూడదు. పోగులన్నిటినీ కలిపి గట్టిగా మెలిపెట్టాలి, ఒక్క పోగు కూడా బయట మీసంలా వేలాడకూడదు, ఎందుకంటే అది పక్క టెర్మినల్‌ను తాకితే చాలు. తీగ సన్నగా, రంధ్రం పెద్దగా ఉంటే కొసను వెనక్కి మడిచి రెండు మడతలుగా పెట్టాలి. పోగుల తీగ కొసకు చిన్న రాగి గొట్టం తొడిగి నొక్కితే ఇంకా మంచిది. బిగించాక తీగను పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. బాబాయి ప్రతి తీగనూ లాగుతారు, తాను బిగించినదాన్ని కూడా. మా ఇంట్లో మొదటి రోజు అలా లాగితే నాలుగు తీగలు ఊడి చేతిలోకి వచ్చాయి. నాలుగూ అప్పటిదాకా పని చేస్తున్నవే.

ఇంకో మూడు విషయాలు. లావు తీగను, సన్న తీగను ఒకే రంధ్రంలో పెట్టి బిగిస్తే స్క్రూ లావుదాన్నే పట్టుకుంటుంది. గోడ పైపు లోపల అతుకు పెట్టకూడదు, అతుకు ఎప్పుడూ విప్పి చూడగలిగే బాక్సులోనే ఉండాలి. మీది 1970లు, 80లలో కట్టిన ఇల్లు అయితే గోడల్లో అల్యూమినియం తీగ ఉండే అవకాశం ఎక్కువ. దాని మీద గాలికి ఏర్పడే పొర కరెంటును అడ్డుకుంటుంది, స్క్రూ ఒత్తిడికి అది మెల్లగా అణిగిపోయి వదులవుతుంది, రాగితో కలిపి మెలిపెడితే తేమకు తినేసుకుపోతుంది. అలాంటి ఇంట్లో ఒక్క స్విచ్ మార్చడం మీద ఆశ పెట్టుకోవద్దు, తీగలే మార్పించుకోవాలి.

ఇదంతా చదివి, "అయితే అందరం స్క్రూడ్రైవర్ పట్టుకోవాలంటావా?" అని అడిగేవారు ఉంటారు. అనను. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం దీన్ని స్పష్టంగా విడదీసింది, 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల్లోనూ ఆ మాట కొనసాగింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి పాతది తీసి అదే సామర్థ్యం ఉన్న కొత్తది పెట్టడం మినహా, వైరింగులో చేర్పులైనా మార్పులైనా మరమ్మతులైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్న మనిషి పర్యవేక్షణలోనే జరగాలి. కొత్త గీజరు పాయింటు, ఏసీ లైను మన పని కాదు. నేను అడుగుతున్నది వేరు. పని చేయడం రాకపోయినా, చేసిన పనిని చూడడం ఇంటివాళ్లకు రావాలి. వరి కోయడం రాని ఇల్లాలు కూడా బియ్యంలో రాళ్లు ఉన్నాయో లేవో చేటలో పోసి చూస్తుంది. ప్లేటు మూసేలోపు ఒక్కసారి వెనకవైపు చూపించమని అడగడానికి పర్మిట్ అక్కరలేదు.

తప్పంతా ఎలక్ట్రీషియన్ల మీదకు తోసేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. మన ఊళ్లలో వైరింగు కూలి పాయింటుకు ఇంత, లేదా చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు. పాయింటు లెక్కన పనిచేసే మనిషికి ప్రతి తీగనూ లాగి చూసే నిమిషం సొంత కూలిలోంచి పోయే నిమిషం. అతనికి సహాయకుడిగా వచ్చే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు పని నేర్చుకునేది కూడా ఆ తొందరలోనే. ఇంకోవైపు ఇంటివాళ్లం ప్లేట్ల రంగు, స్విచ్‌ల మెరుపు కోసం దుకాణాలు తిరిగి, ముందుభాగానికి వేలకు వేలు పోస్తాం. ఎర్త్ గొయ్యికి వచ్చేసరికి బేరం మొదలుపెడతాం. రెండున్నర మీటర్ల లోతున జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేసి, వేసవిలో నీళ్లు పోసేందుకు పైన గరాటు పెట్టాలంటే ఖర్చవుతుంది. మట్టిలో పూడిపోయేదానికి అంత ఎందుకని తగ్గించమంటాం. అతను తగ్గిస్తాడు. ఆ తగ్గించడమే పన్నెండేళ్ల తర్వాత మా ఫ్రిజ్ బోర్డులో అంగుళం తీగ ముక్కగా కనిపించింది. నా తమ్ముడు తెనాలిలో ఇల్లు కట్టుకుంటున్నాడు. ఎలక్ట్రీషియన్‌తో రోజు కూలి మాట్లాడుకుని, బోర్డులన్నీ మూయకముందు ఒక పూట తనిఖీకి వేరే డబ్బు ఇవ్వమని చెప్పాను. వాడు మొదట ఒప్పుకోలేదు. మా గీజరు సాకెట్ ఫొటో పంపాక ఒప్పుకున్నాడు.

మా అమ్మమ్మగారి ఊళ్లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పక్కింటి పిన్ని చనిపోయింది. బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగ. ఒక కొస వేపచెట్టుకు, రెండో కొస రేకుల షెడ్డు గుంజకు కట్టి ఉండేది. షెడ్డులో బల్బు కోసం లాగిన తీగ తొడుగు గాలికి రేకు అంచున ఒరిసి ఒరిసి అరిగిపోయింది. రేకులోకి, గుంజలోకి, దండెంలోకి కరెంటు వచ్చింది. తడి చీర దండెం మీద వేసింది, అంతే. అన్నాళ్లూ షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉంది, ఆ సాయంత్రం కూడా వెలిగింది. విధి అన్నారు అందరూ. ప్లాస్టిక్ తాడు కట్టుకుని ఉంటే, షెడ్డు లైనుకు, కరెంటు దారి తప్పగానే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఒకటి ఉండి ఉంటే ఆమె ఇవాళ మనవలతో ఉండేది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో కొన్నేళ్లుగా దేశంలో ఏటా కరెంటు షాక్‌తో పోతున్నవారు 10,000కు పైనే ఉన్నారు. అన్ని ప్రాణాలను విధి ఖాతాలో వేయడం నాకు చేతకాదు.

ఆర్‌సీసీబీ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ పాటి కరెంటు గుండె గుండా పారితే చాలు, మనిషి పోవచ్చు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి అది కంటికి ఆనదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ వాలంటీర్ల మీద పరీక్షలు చేసి, పట్టుకున్న తీగను చేయి వదలగలిగే హద్దు ఎక్కడుందో కొలిచాడు. సగటున మగవారికి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారికి 10.5. అది దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, వదలాలనుకున్నా చేయి వదలదు. ఆడవారికి ఆ హద్దు తక్కువ, మన ఇళ్లలో తడి చేతులతో గ్రైండరు, వాషింగ్ మెషిన్, గీజరు స్విచ్ ముట్టుకునేది ఎక్కువగా వాళ్లే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. అదే డాల్జీల్ 1961లో, వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తోందో లేదో పోల్చి చూస్తూ, కాస్త తేడా రాగానే సరఫరా ఆపే పరికరం ఒకదాన్ని తయారుచేశాడు. మన ఇళ్లలో అదే పని చేసేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

మా డీబీ బాక్సులో అది ఉంది. కానీ దాని గుండా తీగ వెళ్లడం లేదు. ఇన్వర్టరు బిగించిన రోజు అది మాటిమాటికీ పడిపోతోందని పక్కనుంచి దారి ఇచ్చేశారట. పడిపోవడానికి కారణం ఉంది. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్, మామూలు లైన్ల న్యూట్రల్ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఒక దారిన వెళ్లిన కరెంటు ఇంకో దారిన తిరిగి వస్తుంటే ఆర్‌సీసీబీ లెక్క తప్పుతుంది, పడిపోతుంది. న్యూట్రళ్లు విడదీయడానికి ఒక పూట పడుతుంది, ఆర్‌సీసీబీని తప్పించడానికి ఐదు నిమిషాలు చాలు. బాబాయి ఒక పూట తీసుకుని విడదీశారు. ఇప్పుడు నెలకోసారి దాని మీద ఉండే పరీక్ష మీట నొక్కి చూస్తాను. టక్కున పడాలి. పడకపోతే అది డబ్బాలో ఉన్న అలంకారం. మీ ఇంట్లో ఉంటే ఇవాళే నొక్కి చూడండి. లేకపోతే, ఈ వ్యాసంలో మిగతావేవీ చేయలేకపోయినా, దాన్ని పెట్టించుకోండి.

మొత్తం పనికి మాకు మూడు వారాలు పట్టింది. ఏడు సాకెట్లు సరిచేశాం, మూడు లూపులు తీసి కిందనుంచి కొత్త ఎర్త్ తీగ లాగించాం, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో వేరే లైను వేయించాం. ప్రతి ప్లేటు లోపలివైపున తేదీ పెన్సిల్‌తో రాసిపెట్టాం. గీజరు, ఏసీ సాకెట్లను ఏడాదికోసారి విప్పి స్క్రూలు బిగించి చూడాలని బాబాయి చెప్పి వెళ్లారు.

ఏడాది తిరిగాక, పోయిన డిసెంబరులో మొదటి ఆదివారం, ఇన్వర్టరు కూడా దించి, టెస్టర్‌తో ముందూ వెనకా చూసుకుని, గీజరు ప్లేటు నేనే విప్పాను. తీగ తొడుగు కొత్తదానిలా ఉంది, ఎక్కడా రంగు మారలేదు. న్యూట్రల్ స్క్రూ కదల్లేదు. ఫేజ్ స్క్రూ పావు తిప్పు తిరిగింది. బిగించి, తీగను లాగి చూసి, పాత తేదీ కింద కొత్త తేదీ రాసి ప్లేటు మూశాను.